బాండు కొనే ముందు తేదీ రాసుకోండి: ఈల్డ్, ధర, రిస్క్ లెక్కలు మెట్టు మెట్టుగా

మా శ్రీకాకుళంలో వడ్డీని శాతాల్లో చెబితే ఎవరికీ ఎక్కదు. రూపాయి వడ్డీ, రూపాయిన్నర, రెండు రూపాయలు. వందకి నెలకి ఎంత అన్నదే లెక్క. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలంటే 24. కేంద్ర ప్రభుత్వ బాండు, అంటే ప్రభుత్వానికి మనమిచ్చే అప్పు కాగితం, ఆరున్నర శాతం దగ్గర ఇస్తుందని చెప్పినప్పుడు మా పెద్దమావయ్య వేళ్ల మీద లెక్కేసుకుని, "అంటే అరవై పైసలు కూడా లేదన్నమాట" అని నవ్వేశాడు. నరసన్నపేటలో టీచరుగా చేసి రిటైరైన మనిషి, లెక్కల్లో గట్టివాడు.

అయినా నా మాట విన్నాడు. 2021 నవంబరులో రిజర్వ్ బ్యాంకు రిటైల్ డైరెక్ట్ అనే పథకం మొదలుపెట్టింది. మామూలు మనుషులు ఇంట్లో కూర్చుని ప్రభుత్వ బాండ్లు కొనుక్కోవచ్చు. ఆ ఉత్సాహంలో డిసెంబరులో ఆయన చేత ఖాతా తెరిపించి, 3 లక్షల ముఖ విలువకి (గడువు నాడు ప్రభుత్వం తిరిగిచ్చే అసలు) 6.10% జీఎస్ 2031 అనే బాండు కొనిపించాను. వంద రూపాయల కాగితం 98 దగ్గర దొరికింది, లాభమే అనుకున్నాం. ఆరు నెలలకి మనవరాలి పెళ్లి కుదిరింది, డబ్బు కావలసి వచ్చింది. అమ్మబోతే ధర 91 దగ్గర ఉంది. 3 లక్షల మీద 21 వేలు తరుగు. ఆరు నెలల వడ్డీ 9 వేలు కలుపుకున్నా 12 వేలు చేతి నుంచి పోయాయి.

"ఏటిరా ఇది! గవర్నమెంటుదే, పోదన్నావు కదా?" అన్నాడు మావయ్య.

ప్రభుత్వం పైసా ఎగ్గొట్టలేదు. తప్పు నాది. ఈ డబ్బు నీకు ఎప్పుడు కావాలి అని ఆ రోజు నేను అడగనే లేదు.

మొదటి మెట్టు: ముందు తేదీ, తర్వాతే ఈల్డ్

ఈల్డ్ అంటే మీరు పెట్టిన ధర మీద ఏడాదికి గిట్టుబాటయ్యే శాతం. దాని సంగతి తర్వాత. ముందు ఒక కాగితం తీసుకుని ఎడమ పక్క మొత్తం, కుడి పక్క ఆ డబ్బు కావలసిన నెల, సంవత్సరం రాయండి. అబ్బాయి ఇంజనీరింగ్ ఫీజు 2 లక్షలు, రెండేళ్లలో. ఇంటి పై అంతస్తు 6 లక్షలు, ఐదేళ్లలో. తేదీ తెలియని డబ్బుకి "ఎప్పుడైనా" అని రాయండి. ఆ "ఎప్పుడైనా" డబ్బుతో దీర్ఘకాలపు బాండు కొనకండి, అది బ్యాంకులోనే ఉండాలి. మిగతా మెట్లన్నీ ఈ కాగితాన్ని పక్కన పెట్టుకునే ఎక్కాలి.

రెండో మెట్టు: బాండు పేరు చదవడం

7.10% జీఎస్ 2034 అని ఉందనుకోండి. జీఎస్ అంటే కేంద్ర ప్రభుత్వ సెక్యూరిటీ. 7.10% అనేది కూపన్, అంటే ముఖ విలువ మీద ఏటా ఇచ్చే వడ్డీ. 2034 అసలు తిరిగి ఇచ్చే సంవత్సరం. ముఖ విలువ వంద. వడ్డీ ఆరు నెలలకోసారి వస్తుంది కాబట్టి వందకి ఒక్కో విడత 3 రూపాయల 55 పైసలు. లక్ష రూపాయల బాండుంటే ఏడాదిలో రెండుసార్లు 3,550 ఖాతాలో పడతాయి. మీరు 95కి కొన్నా 105కి కొన్నా ఈ మొత్తం మారదు. మారేదల్లా మీరు కట్టిన ధర.

ప్రభుత్వం కొద్దికాలానికి తీసుకునే అప్పుల్ని ట్రెజరీ బిల్లులు అంటారు. 91, 182, 364 రోజుల ఈ బిల్లులకి కూపన్ ఉండదు. తక్కువకి కొంటాం, గడువు నాడు వంద వస్తుంది. 91 రోజుల బిల్లు 98 రూపాయల 65 పైసలకి దొరికితే లాభం 1.35. దాన్ని 98.65తో భాగించి, 365/91తో గుణిస్తే ఏడాదికి సుమారు 5.49 శాతం. బిల్లుల లెక్క అంతే.

మూడో మెట్టు: వడ్డీ మారకుండా ధర ఎందుకు మారుతుంది

ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం. ఇది అర్థమైతే మిగతాదంతా దీని మీదే నడుస్తుంది.

పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారికి మీరు లక్ష అప్పిచ్చారనుకోండి. ఏటా 7,000 వడ్డీ, మూడో ఏడాది చివర అసలు. నోటు రాయించుకున్నారు. (డిమాండు ప్రోనోటుకి మూడేళ్లకే కాలదోషం పడుతుందన్న గొడవ ఇక్కడ వద్దు.) వారం తిరక్కుండానే బజారులో అదే నమ్మకమున్న మనుషులు 8 శాతానికి అప్పు తీసుకోవడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే మీకు డబ్బు అవసరమై, ఆ నోటు వెనక సంతకం పెట్టి పక్కింటాయనకి ఇచ్చేద్దామనుకున్నారు. ఆయన లక్ష ఇస్తాడా? ఎందుకిస్తాడు? అదే లక్షకి బయట 8 వేలు వస్తుంటే మీ 7 వేల నోటు ఆయనకెందుకు? ధర తగ్గిస్తేనే తీసుకుంటాడు.

ఎంత తగ్గించాలో లెక్క ఉంది. రాబోయే ప్రతి చెల్లింపునీ ఇవాళ్టి విలువలోకి మార్చాలి. ఏడాది తర్వాత వచ్చే 7,000ని 1.08తో భాగిస్తే 6,481. రెండేళ్ల తర్వాత వచ్చే 7,000ని 1.08తో రెండుసార్లు భాగిస్తే 6,001. మూడో ఏడు అసలుతో కలిపి వచ్చే 1,07,000ని మూడుసార్లు భాగిస్తే 84,940. మూడూ కలిపితే రూపాయి అటూ ఇటూగా 97,423. మీ నోటు ధర అంతే.

బజారు వడ్డీ 8కి పెరగకుండా 6కి దిగి ఉంటే అదే లెక్క 1.06తో చేయాలి. అప్పుడు 1,02,673 వస్తుంది. పాత రోజుల్లో మా వైపు పొలం బావుల దగ్గర ఏతాం ఉండేది. ఒక కొన దిగితే రెండో కొన లేస్తుంది. ఈల్డ్ ఒక కొన, ధర రెండో కొన.

ఇందులో ఒక చిన్న తమాషా ఉంది. వడ్డీ ఒక శాతం పెరిగితే పోయింది 2,577, ఒక శాతం తగ్గితే వచ్చింది 2,673. రెండూ సమానం కావు, తూకం కాస్త మన వైపే మొగ్గుతుంది. దీన్ని కాన్వెక్సిటీ అంటారు. చిన్న పెట్టుబడుల్లో దీని గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

నాలుగో మెట్టు: ఏ ఈల్డ్ అని అడగండి

ఈల్డ్ అన్న ఒక్క మాటతో మూడు వేర్వేరు అంకెలు చెబుతారు. అమ్మేవాడు ఎప్పుడూ అందులో పెద్దది చూపిస్తాడు.

కూపన్ ముఖ విలువ మీద లెక్క. మన నోటుకి 7 శాతం. కరెంట్ ఈల్డ్ మీరు పెట్టిన ధర మీద లెక్క: 7,000ని 97,423తో భాగిస్తే 7.19 శాతం. మూడోది ఈల్డ్ టు మెచ్యూరిటీ, గడువు వరకు ఉంచుకుంటే ఏడాదికి నికరంగా గిట్టుబాటయ్యేది. తక్కువ ధరకి కొన్నందుకు చివర్లో కలిసొచ్చే 2,577 కూడా ఇందులోకి వస్తుంది కాబట్టి మన నోటుకి ఇది 8 శాతం. రెండు బాండ్లను పోల్చాలంటే ఈ మూడో అంకెతోనే పోల్చాలి.

దీనికి కంప్యూటరు అక్కర్లేని మోటు లెక్క ఒకటుంది. వందలోంచి ధర తీసేసి, మిగిలిన ఏళ్లతో భాగించి, దానికి కూపన్ కలపండి. వచ్చినదాన్ని వందకీ ధరకీ సగటుతో భాగించండి. మన ఉదాహరణలో 2.577ని 3తో భాగిస్తే 0.859. దానికి 7 కలిపితే 7.859. 98.71తో భాగిస్తే 7.96 శాతం. అసలు జవాబు 8. ఏజెంటు ముందు కూర్చుని ఫోన్లోని కాలిక్యులేటర్‌తో నిమిషంలో తేల్చుకోవడానికి ఇది చాలు. కచ్చితంగా కావాలంటే ఎక్సెల్‌లో తేదీలు ఒక వరుసలో, డబ్బు రాకపోకలు పక్క వరుసలో వేసి ఎక్స్‌ఐఆర్‌ఆర్ (XIRR) ఫార్ములా పెట్టండి.

ఒక మెలిక ఉంది. ఈల్డ్ టు మెచ్యూరిటీ లెక్క మధ్యలో వచ్చే ప్రతి వడ్డీనీ మళ్లీ అదే రేటుకి పెట్టుబడి పెడతారని అనుకుంటుంది. మావయ్య లాంటివాళ్లు వడ్డీ పడిన వారంలోనే మందులకీ పాలకీ ఖర్చుపెట్టేస్తారు. అందులో తప్పేమీ లేదు. కానీ చక్రవడ్డీ లెక్కలో చూపించినంత సొమ్ము చివర్లో కనిపించలేదని అప్పుడు గోల పెట్టకూడదు.

ఐదో మెట్టు: పోగైన వడ్డీ

రెండు వడ్డీ విడతల మధ్యలో బాండు కొంటే తెర మీద కనిపించిన ధర కంటే ఎక్కువ కట్టించుకుంటారు. మోసమేమో అని నాకూ మొదటిసారి టెన్షన్ వచ్చింది. కారణం తేలిక. కౌలుకిచ్చిన పొలాన్ని మధ్యలో అమ్మితే, అప్పటిదాకా గడిచిన నెలల కౌలు పాత ఆసామిది. బాండులోనూ అంతే. ప్రభుత్వ బాండ్లకి నెలకి 30 రోజులు, ఏడాదికి 360 రోజుల లెక్క. కిందటి వడ్డీ పడి 60 రోజులైతే 7.10% బాండుకి లక్షకి 1,183 రూపాయలు అదనంగా కట్టాలి. వచ్చే విడత పూర్తి 3,550 మీకే వస్తాయి కాబట్టి అది తిరిగొచ్చే డబ్బే.

ఆరో మెట్టు: ఊపు ఎంతో చూసుకోవడం

మా పక్క జిల్లా విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం చూసినవాళ్లకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. మాను మొదలు రథం మీద చిన్నగా కదిలితే, అంత ఎత్తున చివర కూర్చున్న పూజారి ఊగిపోతాడు. బాండులో మాను పొడవు అంటే గడువు. మొదట్లో కదిలేది వడ్డీ రేటు, చివర ఊగేది మీ బాండు ధర.

కూపన్ 7 శాతం, ధర 100 ఉన్న బాండ్లు తీసుకుందాం. బజారు ఈల్డ్ 8 శాతానికి పెరిగితే, మూడేళ్ల బాండు 97.4కి పడుతుంది. పదేళ్లది 93.2కి, ముప్ఫై ఏళ్లది 88.7కి. మూడింటికీ అప్పు తీసుకున్నది ఒకే ప్రభుత్వం.

ఈ ఊపుని కొలిచే అంకె పేరు మాడిఫైడ్ డ్యూరేషన్. ఈల్డ్ ఒక శాతం మారితే ధర సుమారు ఎంత శాతం మారుతుందో ఇది చెబుతుంది. పై బాండ్లకి వరుసగా 2.7, 7.1, 12.5. బాండ్లలో డబ్బు పెట్టే డెట్ మ్యూచువల్ ఫండ్ నెలవారీ వివరాల్లో కూడా ఇది రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. గిల్ట్ ఫండ్ (ప్రభుత్వ బాండ్లు కొనే ఫండ్) అనే పేరు చూసి "ప్రభుత్వానిదే కదా" అని కొని, ఏడాది తర్వాత మైనస్ చూసి కంగారుపడే వాళ్లు ఆ ఒక్క అంకె చూసుంటే సరిపోయేది. ఫండ్‌కి ఇంకో చిక్కు కూడా ఉంది. టార్గెట్ మెచ్యూరిటీ రకం (ఫలానా ఏడాదికి ముగిసేది) కాకపోతే దానికి గడువు తేదీయే ఉండదు. ఓపిక పడితే వంద వచ్చేస్తుందన్న ధైర్యం అక్కడ దొరకదు.

గడువు వరకు ఆగగలిగితే ఈ ఊపు మిమ్మల్ని ఏమీ చేయదు. ఆగలేకపోతే పెద్ద పెద్ద బ్యాంకులే కూలిపోతాయి. 2023 మార్చిలో అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు కథ అదే. దాని దగ్గర ఉన్నవి ఎక్కువగా అమెరికా ప్రభుత్వ పూచీ ఉన్న దీర్ఘకాలపు బాండ్లే. డిపాజిటర్లు డబ్బు వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టాక 2,100 కోట్ల డాలర్ల సెక్యూరిటీలు అమ్మింది, 180 కోట్ల డాలర్లు నష్టపోయింది. ఆ వార్త బయటపడగానే బ్యాంకే మూతపడింది. మా మావయ్య మనవరాలి పెళ్లి ఖర్చూ, ఆ బ్యాంకు కథా కొలతలో వేరు తప్ప తప్పు ఒకటే.

ఏడో మెట్టు: రేట్లు ఎటు పోతాయో చూడటం, జోస్యం మాత్రం వద్దు

రిజర్వ్ బ్యాంకు రెపో రేటు (బ్యాంకులకి అది స్వల్పకాలానికి అప్పిచ్చే వడ్డీ) 2020 మే నుంచి 4 శాతం దగ్గర ఉండిపోయింది. ధరలు పెరగడంతో 2022 మేలో పెంచడం మొదలుపెట్టి 2023 ఫిబ్రవరికి 6.5కి తెచ్చింది. 2025 ఫిబ్రవరి నుంచి తగ్గిస్తూ ఆ డిసెంబరుకి 5.25కి దించింది. మేం బాండు కొన్నది మొదటి పెంపుకి ఐదు నెలల ముందు. అంతకంటే చెడ్డ ముహూర్తం వెతికినా దొరకదు.

కానీ రెపో తగ్గితే పదేళ్ల ఈల్డ్ కూడా అంతే తగ్గుతుందని లెక్కేసుకోకండి. 2025లో రెపో ఒకటింబావు శాతం దిగినా పదేళ్ల ఈల్డ్ ఆ మేరకు దిగలేదు. స్వల్పకాలపు రేటు రిజర్వ్ బ్యాంకు చేతిలో ఉంటుంది. దీర్ఘకాలపు రేటులో రేపటి ధరల భయం, ప్రభుత్వం చేయబోయే అప్పు, విదేశీ పెట్టుబడి అన్నీ కలుస్తాయి. ఉద్యోగం చేసుకునే మనిషి రేట్లను పసిగట్టి కొని అమ్మి లాభం తీయాలనుకోవడం నా దృష్టిలో దండగ పని.

ఎనిమిదో మెట్టు: అసలు పోయే రిస్క్

మన ప్రాంతంవాళ్లకి ఇక్కడ ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. రూపాయి వడ్డీ మనకి చిన్నప్పటి నుంచి అలవాటు. ధర్మవడ్డీ కింద లెక్క. అందుకే ఆన్‌లైన్‌లో ఏదో ఫైనాన్స్ కంపెనీ 12 శాతం బాండు ప్రకటన కనిపిస్తే మనకి అనుమానమే రాదు, "రూపాయే కదా" అనిపిస్తుంది. బాండ్ల బజారులో 12 శాతం మామూలు అంకె కాదు. ప్రభుత్వం ఆరున్నరకి అప్పు తెచ్చుకుంటున్న రోజున ఒక కంపెనీ 12 ఇస్తానంటే, అంతకు తక్కువకి దానికి ఇంకెవరూ ఇవ్వలేదనే అర్థం.

ఆ ఐదున్నర శాతం తేడాని స్ప్రెడ్ అంటారు. అది బహుమతి కాదు, రిస్క్‌కి కట్టిన వెల. ఇరవై కంపెనీల్లో తలో వంద పెట్టి, ఏడాదిలో ఒక్కటి పూర్తిగా మునిగిందనుకోండి. మిగతా పంతొమ్మిది తలా 112 ఇస్తే వచ్చేది 2,128. అదే రెండు వేలు ప్రభుత్వానికి ఆరున్నరకి ఇచ్చుంటే 2,130. ఇరవైలో ఒక్కటి పోతే చాలు, తేడా మొత్తం ఆవిరి. ఇక ఒకే కంపెనీలో మొత్తం పెట్టిన మనిషి సంగతి వేరే చెప్పాలా?

రేటింగ్ అంటే అప్పు తీర్చే సత్తాకి రేటింగ్ ఏజెన్సీలు ఇచ్చే గ్రేడు. అది చూడండి, కానీ రేటింగ్‌ని దేవుడి మాటలా తీసుకోకండి. ట్రిపుల్ ఏ అన్నిటికన్నా గట్టిది, ట్రిపుల్ బీ మైనస్ కంటే దిగితే పెట్టుబడికి తగదని అర్థం, డీ అంటే ఎగ్గొట్టేసింది. 2018లో మౌలిక సదుపాయాలకి అప్పులిచ్చే ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే పెద్ద కంపెనీ ట్రిపుల్ ఏ నుంచి డీకి వారాల్లో జారిపోయింది. అందుకే ఈల్డ్‌నీ రేటింగ్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి. రేటింగ్ బాగుందని చెబుతూనే ఈల్డ్ అదే రేటింగ్ ఉన్న ఇతర కంపెనీల కంటే బాగా ఎక్కువుంటే, బజారు అప్పటికే ఏదో వాసన పట్టిందన్నమాట.

తర్వాత, మునిగితే వరుసలో మనం ఎన్నోవాళ్లం అన్నది చూడాలి. సెక్యూర్డ్ బాండుకి ఆస్తి తాకట్టు ఉంటుంది, అన్‌సెక్యూర్డ్‌కి ఉండదు. బ్యాంకు కష్టాల్లో పడితే రద్దయిపోగల ఏటీ1 అనే బ్యాంకు బాండ్లు మరీ వెనక. 2020 మార్చిలో యెస్ బ్యాంకు దాదాపు 8,400 కోట్ల ఏటీ1 బాండ్లను పూర్తిగా రద్దు చేసింది. ఎఫ్‌డీ కంటే కాస్త ఎక్కువ వడ్డీ అనుకుని కొన్న పెద్దవాళ్లు కూడా అందులో ఉన్నారు. డిపాజిట్ చేసినవాళ్ల డబ్బు మాత్రం పోలేదు. బ్యాంకు డిపాజిట్‌కి 5 లక్షల వరకు బీమా ఉంది, బాండుకి లేదు. బ్యాంకు పేరు కనిపించినంత మాత్రాన రెండూ ఒకటి కావు.

రాష్ట్ర ప్రభుత్వ బాండ్లు కూడా రిజర్వ్ బ్యాంకు వేలంలోనే వస్తాయి, ఈల్డ్ కేంద్రం కంటే కాస్త ఎక్కువ ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ బాండ్లూ దొరుకుతాయి. రాష్ట్ర కార్పొరేషన్లు ప్రభుత్వ గ్యారంటీతో తెచ్చే బాండ్లు వేరు. వాటిని ఈ లెక్కలో కలపకండి.

అమ్ముకోలేని రిస్క్ గురించి ఒక్క మాట. తెర మీద ధర ఉన్నంత మాత్రాన కొనేవాడు ఉన్నట్టు కాదు. లక్షా రెండు లక్షల చిన్న లాట్లకి బేరం తగ్గుతుంది, కంపెనీ బాండ్లలో అయితే అసలు పలకరించేవాడే ఉండడు. ఇక ధరల పెరుగుదల. ముప్ఫై శాతం శ్లాబులో ఉన్నవాళ్లకి 7 శాతం వడ్డీలో పన్ను పోను 4.9 మిగులుతుంది. రిజర్వ్ బ్యాంకు పెట్టుకున్న ధరల పెరుగుదల లక్ష్యమే 4 శాతం. మిగిలేది ఒక శాతం కూడా ఉండదు, పైసల బేరం.

తొమ్మిదో మెట్టు: కొనడం

అరవై దాటినవాళ్లు ముందు పోస్టాఫీసుకో బ్యాంకుకో వెళ్లి సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ సంగతి చూసుకోండి. 2025లో దాని వడ్డీ 8.2 శాతం, ఒకరికి 30 లక్షల వరకు. అది నిండాకే బాండ్లు. నేను మావయ్యకి ముందు చెప్పాల్సింది ఇదే.

రిటైల్ డైరెక్ట్ ఖాతాకి పాన్, ఆధార్, సేవింగ్స్ ఖాతా, ఈమెయిల్, ఆధార్‌తో కలిపిన మొబైల్ నంబరు చాలు. ఖాతాకి ఫీజు లేదు. కనీసం 10 వేల ముఖ విలువ. మామూలుగా రాష్ట్రాల బాండ్ల వేలం మంగళవారం, ట్రెజరీ బిల్లులది బుధవారం, కేంద్ర బాండ్లది శుక్రవారం. మనం ధర చెప్పక్కర్లేదు. నాన్ కాంపిటీటివ్ పద్ధతిలో మొత్తం మాత్రం చెబితే, పెద్ద బ్యాంకుల వేలంలో తేలిన సగటు ధరకే మనకీ ఇస్తారు. పాత బాండ్లు కావాలంటే సెకండరీ మార్కెట్లో, అంటే ఇప్పటికే కొన్నవాళ్ల దగ్గర, కొనాలి, అక్కడ ధర చూసుకోవలసింది మనమే. కంపెనీ బాండ్లు అమ్మే వెబ్‌సైటు అయితే సెబీ (పెట్టుబడి మార్కెట్ల నియంత్రణ సంస్థ) దగ్గర నమోదైందో లేదో చూడకుండా డబ్బు పంపకండి.

ఇప్పుడు మొదటి మెట్టులో రాసిన కాగితం తీయండి. ప్రతి తేదీకి ముందే గడువు తీరే బాండు ఒకటి వెతకండి. ఫీజు కట్టాల్సింది 2028 జూన్‌లో అయితే 2028 మార్చి, ఏప్రిల్‌లో తీరేది కావాలి, ఆగస్టులో తీరేది ఈల్డ్ ఎక్కువున్నా వద్దు. వరసగా ఏటా ఒకటి తీరేలా పెట్టుకుంటే రేట్లు పెరిగినప్పుడు తీరిన డబ్బుని కొత్త రేటుకి పెట్టవచ్చు, తగ్గినప్పుడు పాతవి పాత వడ్డీనే ఇస్తుంటాయి. నాట్లన్నీ ఒకే రోజు వేయకుండా వారం వారం తేడాతో వేసుకునే రైతు పద్ధతి ఇది.

వడ్డీ మొత్తం మీ ఆదాయంలో కలిసి శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. ఎక్స్ఛేంజీలో లిస్టయిన బాండుని 12 నెలలు దాటాక లాభానికి అమ్మితే ఆ లాభం మీద 12.5 శాతం. ప్రభుత్వ బాండు వడ్డీ టీడీఎస్ కోత లేకుండా నేరుగా ఖాతాలో పడుతుంది. అందుకని రిటర్నులో చూపించడం మరిచిపోయే వాళ్లు చాలామంది ఉన్నారు, నోటీసు వచ్చాక గుర్తొస్తుంది. ఖాతా తెరిచిన రోజే నామినీ పేరు పెట్టండి, పాస్‌వర్డ్ కాకపోయినా ఖాతా ఉన్న సంగతైనా ఇంట్లో ఒకరికి చెప్పండి.

మావయ్య ఇప్పుడు 364 రోజుల బిల్లులే కొంటున్నాడు, పదేళ్ల మాట ఎత్తనివ్వడు. రెండో మనవరాలికి సంబంధాలు చూస్తున్నారు.